మోకాలి ఆపరేషన్ అయ్యాక నాలుగో నెల: చుట్టూ ఉన్నవాళ్లని ఏం అడగాలి?

వాలీ_బ్లాకర్:

అందరికీ నమస్కారం. వాలీబాల్ ఆడతాను, మిడిల్ బ్లాకర్‌ని, అంటే నెట్ మధ్యలో ఎగిరి ఎదుటివాళ్ల స్మాష్‌ని అడ్డుకునేవాణ్ని. బ్లాక్‌కి ఎగిరి దిగేటప్పుడు కాలు సరిగ్గా పడక కుడి మోకాలు లోపలికి మెలిపడింది. టప్‌మని శబ్దం కూడా వినిపించింది. స్కాన్‌లో ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగిందని, మెనిస్కస్ (ఆ ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) కూడా చీలిందని తేలింది. తొడ వెనక కండరం నుంచి గ్రాఫ్ట్ (అతికించే ముక్క) తీసి కొత్త లిగమెంట్ పెట్టారు, మెనిస్కస్‌కి కుట్లు వేశారు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది.

నేను అడగాలనుకున్నది ఆపరేషన్ గురించి కాదు. మొదట్లో మంచం చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఐస్ ప్యాక్ మార్చేవాళ్లు, కర్రలు అందించేవాళ్లు, టీమ్ వాళ్లు వచ్చి గంటలు గంటలు కూర్చునేవాళ్లు. ఇప్పుడు కర్రలు పోయాయి, బ్రేస్ తీసేశారు, మామూలుగానే నడుస్తున్నాను. చూసేవాళ్ల లెక్కలో నాకు నయమైపోయింది. కనిపించినప్పుడల్లా "ఇంకెప్పుడు దిగుతావ్?" అనడం తప్ప ఇంకో మాట లేదు. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ తొడ వణుకుతోందని వాళ్లకి తెలియదు. గదిలో ఒక్కడినే రబ్బరు బ్యాండ్ పెట్టుకుని ఎక్సర్‌సైజులు చేస్తుంటే అసలు ఇదంతా ఎవరి కోసం అనిపిస్తోంది. టీమ్ గ్రూప్‌లో మ్యాచ్ ఫోటోలు చూడలేక మ్యూట్‌లో పెట్టేశాను.

ఇది నాకొక్కడికేనా? ఈ దశలో మీరు ఎవరిని ఏం అడిగారు? ఏది నిజంగా పనికొచ్చింది?

షటిల్_అక్క:

నీకొక్కడికే కాదు తమ్ముడూ. నాది బ్యాడ్మింటన్, ఎడమ మోకాలు, ఇదే లిగమెంట్. మొదటి నెల కంటే నాలుగు, ఐదు నెలలే నాకు బరువుగా గడిచాయి. మొదటి నెలలో నొప్పి ఉంటుంది కానీ ఏదో ఒక మెరుగు కనిపిస్తూనే ఉంటుంది. ఇవాళ మోకాలు ఇంకొంచెం వంగింది, రేపు ఒక కర్ర పక్కన పెట్టేశాం, ఇలా. తర్వాత వచ్చే మెరుగు కంటికి ఆనదు. చేసిందే మళ్లీ చేస్తూ ఉండాలి. సరిగ్గా అప్పుడే వచ్చేపోయే జనం కూడా పలచబడతారు.

నాకు పనికొచ్చింది చెప్తాను. "ఏదైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్లందరినీ నిజంగానే అడిగాను. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో పని. మా చెల్లి ఓదార్చే రకం కాదు, నేను కాస్త డల్‌గా కనిపిస్తే తనే కంగారు పడిపోతుంది. కానీ లెక్కల్లో పక్కా. అందుకని వారానికోసారి టేప్ పట్టి రెండు తొడల చుట్టుకొలత తీసి పుస్తకంలో రాసే పని తనకి ఇచ్చాను. మోకాలి చిప్ప పై అంచు నుంచి జానెడు పైన పెన్నుతో గీత పెట్టి ప్రతిసారీ అక్కడే కొలిచేది. కాలు అలాగే ఉంది, ఏమీ మారడం లేదు అని నేను కూర్చున్న రోజున ఆ పుస్తకం తెచ్చి ముందు పెట్టేది.

డబుల్స్‌లో నా పార్ట్‌నర్‌కి మాత్రం కాలు గురించి అడగనే వద్దని చెప్పాను. నువ్వు ఆడిన మ్యాచ్‌లు చెప్పు, పాయింట్లు ఎక్కడ పోతున్నాయో చెప్పు అన్నాను. ఆట గురించి నా సలహా ఇంకా అడిగే మనిషి ఒకరు ఉండటం అప్పుడు నాకు చాలా అవసరం. ఇక బాధ చెప్పుకోవడానికి ఇంకో ఫ్రెండ్. నేను ఏడ్చినా "పాజిటివ్‌గా ఉండవే" అని మధ్యలో ఆపకుండా చివరిదాకా వినేది.

ఈ పనులన్నీ ఒకే మనిషి నెత్తిన పెట్టకు. ఎంత ప్రేమ ఉన్నా ఒక్కరు మోయలేరు.

మోకాలి_ఫిజియో:

స్పోర్ట్స్ ఫిజియోథెరపీలో పనిచేస్తున్నాను. పైన అక్క చేసిన పనికి పరిశోధనల్లోనూ ఆధారం ఉంది. 1985లో షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయం మీద చాలా పేరున్న వ్యాసం రాశారు. మనిషి చుట్టూ ఎంతమంది ఉన్నారన్నది ఒక సంగతి, కష్టంలో అతనికి కావాల్సిన సాయం అందుతోందా అన్నది వేరే సంగతి అని అందులో విడదీసి చూపించారు. ఒత్తిడి దెబ్బని కాచేది ఆ రెండోది, అవసరానికి సరిపడే సాయం. క్రీడాగాయాల మీద పనిచేసేవాళ్లు కూడా సాయాన్ని స్థూలంగా మూడు రకాలుగా చూస్తారు: మనసుకి ఊరట, నమ్మదగిన సమాచారం, చేతి సాయం.

ఇంట్లోవాళ్లకి సులభంగా కనిపించేది చేతి సాయం. కర్రలు పక్కన పెట్టగానే దాని అవసరం తీరిపోతుంది కాబట్టి తమ పని అయిపోయిందనుకుంటారు. వాళ్లలో ప్రేమ తగ్గిందని అనుకోకండి. మిగతా రెండూ ఇంకా కావాలని వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు.

ఈ నాలుగో నెల గురించి మీ ఇంట్లో, టీమ్‌లో అందరికీ చదివి వినిపించడానికి వీలుగా కొంచెం వివరంగా రాస్తాను. మీ మోకాల్లో పెట్టింది టెండన్ ముక్క, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటి భాగం. పెట్టిన రోజునే అది లిగమెంట్ అయిపోదు. శరీరం దానిలోకి కొత్త రక్తనాళాలు పంపి, పాత కణాల చోట కొత్తవి నింపి, నెమ్మదిగా లిగమెంట్ లక్షణాలు తెస్తుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో, ఈ మార్పు జరిగే మొదటి కొన్ని నెలల్లోనే గ్రాఫ్ట్ బలం బాగా పడిపోయినట్టు కనిపించింది. మనుషుల్లో ఈ ప్రక్రియ ఏడాది దాటి కూడా సాగుతుంది. అంటే వాపు తగ్గి, నడక బాగుపడి, పైకి అంతా బాగున్నట్టు కనిపించే నెలల్లో లోపల పని ఇంకా జరుగుతూనే ఉంటుంది. ఎవరైనా "దిగిపో, ఏం కాదు" అనేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

మెట్లు దిగేటప్పుడు తొడ వణకడం గురించి. మోకాల్లో వాపు ఉన్నప్పుడు తొడ ముందు కండరానికి నరాల ద్వారా వెళ్లే ఆజ్ఞలు తగ్గిపోతాయి. ఎంత గట్టిగా బిగించాలని చూసినా కండరం పూర్తిగా పలకదు. వాడకం తగ్గి సన్నబడుతుంది. అది తిరిగి రావడానికి నెలలు పడుతుంది. "నీకు పట్టుదల లేదు" అని ఎవరైనా అంటే ఆ మాట మనసుకి తీసుకోకండి. మెనిస్కస్‌కి కుట్లు ఉన్నాయి కాబట్టి లోతుగా కూర్చునే స్క్వాట్లు మాత్రం మీ సర్జన్ సరే అన్నాకే.

తేదీల గురించి ఒక్క లెక్క. 2016లో వచ్చిన డెలావేర్–ఓస్లో అధ్యయనంలో, తిరిగి ఆటకి దిగడం ఒక్కో నెల వెనక్కి జరిగేకొద్దీ మోకాలికి మళ్లీ దెబ్బ తగిలే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. ఇది తొమ్మిదో నెల వరకే. ఆ తర్వాత ఆలస్యం వల్ల అదనపు లాభం కనిపించలేదు. "ఎప్పుడు దిగుతావ్" అన్నవాళ్లకి ఈ ఒక్క వాక్యం చూపించండి.

నైంటీ_మినిట్స్:

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఫుట్‌బాల్ ఆడేవాడిని, ఏసీఎల్ ఆపరేషన్ నాకూ అయింది. నాకు జనం తగ్గి ఇబ్బంది రాలేదు, జనం ఎక్కువై వచ్చింది.

వచ్చిన ప్రతివాళ్లూ ఒక కథ మోసుకొచ్చేవాళ్లు. మా బంధువొకరికి ఇలాగే అయింది, మళ్లీ పరుగెత్తింది లేదు అని ఒకరు. మూడు నెలల్లో గ్రౌండ్‌లో ఉన్నాడు మా ఫ్రెండ్, నువ్వే నాన్చుతున్నావ్ అని ఇంకొకరు. మా అమ్మ సంగతి సరేసరి. కాలు కింద పెడితే చాలు గుండె పట్టుకునేది. మోకాలి కింద మెత్తగా దిండు పెట్టేది, హాయిగా ఉంటుందని. ఉంటుంది కూడా! కానీ మోకాలు రోజంతా కొంచెం వంగి ఉండిపోతే తర్వాత పూర్తిగా చాపడం కష్టమవుతుందని, పెడితే మడమ కింద పెట్టాలని ఫిజియో గట్టిగా చెప్పాక గానీ ఆ దిండు పోలేదు. ప్రేమతో చేసిన పనే నాకు నష్టం చేసింది.

చివరికి తలుపు వేసుకుని, ఫోన్ పక్కన పడేసి, చార్ట్ గోడకి అంటించి నా పని నేను చేసుకున్నాను. కోలుకున్నాను. తోడు లేకపోతే కోలుకోలేరన్నట్టు మాట్లాడితే, నిజంగా ఎవరూ లేనివాళ్లు చదివి భయపడతారు. క్రమశిక్షణ ఉంటే చాలు అని నా నమ్మకం.

ఫుట్‌బాల్_అమ్మ:

నైంటీ_మినిట్స్ గారూ, మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లే కళ్లముందు కనిపించింది. మా అమ్మాయికి పదహారేళ్లు. స్కూల్ టీమ్‌లో డిఫెండర్. ఆపరేషన్ అయి కొన్ని వారాలే అయింది. రోజంతా తలుపు వేసుకుని ఉంటోంది. ఎక్సర్‌సైజ్ చేశావా అంటే విసుక్కుంటుంది. అడగకపోతే చేస్తోందో లేదో అని నాకు టెన్షన్. నేను ఏమన్నా తప్పుగానే తీసుకుంటోంది. "పోనీలే అమ్మా, ఆట లేకపోతే ఏం, చదువుకో" అని వాళ్ల నాన్న అన్నారు, ఆ రోజంతా మాట్లాడలేదు. మేము ఏం అనాలో ఎవరైనా చెప్పండి. ఏం అనకూడదో చెప్పినా చాలు.

షటిల్_అక్క:

అమ్మా, "ఆట లేకపోతే ఏం" అన్న మాట ఇంకెవరూ అనకుండా చూడండి. మీరు ధైర్యం చెప్పాలనే అంటారు, మాకు మాత్రం ఇన్నేళ్లు చేసిందంతా చిన్న సంగతి అన్నట్టు వినిపిస్తుంది. ఆ వయసులో ఫ్రెండ్స్ అందరూ గ్రౌండ్‌లోనే ఉంటారు. ఆట ఆగితే పిల్లకి స్నేహాలు కూడా ఆగిపోతాయి. వాళ్లలో ఒకరిద్దరిని ఇంటికి పిలవండి, పిలిచి మీరు పక్క గదిలోకి వెళ్లిపోండి.

మోకాలి_ఫిజియో:

అమ్మా, "చేశావా?" అన్న ప్రశ్న వదిలేసి చూడండి. ఆ ప్రశ్నకి అవును, లేదు తప్ప జవాబు ఉండదు. రెండిట్లోనూ పిల్ల పరీక్ష రాస్తున్నట్టే ఉంటుంది. "ఇవాళ్టి వాటిలో ఏది కష్టంగా ఉంది?" అని అడగండి. పొద్దున చేయాలా సాయంత్రం చేయాలా, పాటలు పెట్టుకోవాలా, మీరు పక్కన ఉండాలా వద్దా అన్నది తననే తేల్చుకోనివ్వండి. గాయంతో పిల్లల చేతిలోంచి చాలా నిర్ణయాలు జారిపోతాయి, కనీసం ఈ చిన్నవి తన చేతిలో ఉంటే తను చేసే పని తనదిగా అనిపిస్తుంది. ఫిజియో దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ముందు తననే మాట్లాడనివ్వండి, మీ సందేహాలు చివర్లో అడగండి.

మీ చేతుల్లో ఉన్న పని ఒకటి చెప్తాను. వెల్లకిలా పడుకోబెట్టి మడమ కింద చుట్టిన టవల్ పెట్టండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు. కాలి బరువుకే మోకాలు నెమ్మదిగా చాపుకుంటుంది. ఎంతసేపు, రోజుకి ఎన్నిసార్లు అన్నది మీ ఫిజియో చెప్పినట్టు. తర్వాత టవల్ తీసేసి మోకాలి వెనక భాగం పరుపుకి ఆనుతోందా, రెండో కాలితో పోలిస్తే ఎంత ఎత్తులో ఉంది అని చూడండి. మొదటి వారాల్లో బలం కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే, మోకాలు పూర్తిగా చాపగలగడం. పిల్లకి అభ్యంతరం లేకపోతే వారం వారం పక్క నుంచి ఫోటో తీసి పెట్టండి, తేడా తనకే కనిపిస్తుంది.

తిరిగి ఆడించే తొందర మాత్రం వద్దు. 2016లో వచ్చిన ఇంకో సమీక్షలో, 25 ఏళ్లలోపు ఉండి ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆటకి వెళ్లినవాళ్లలో దాదాపు 23 శాతం మందికి రెండోసారి ఏసీఎల్ గాయం అయినట్టు తేలింది. అదే మోకాలికి అవ్వచ్చు, రెండోదానికి అవ్వచ్చు. పిల్లలకి పెద్దవాళ్ల కంటే ఎక్కువ ఓపిక పట్టాలి.

నైంటీ_మినిట్స్ గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఆ దిండు తీయించిన మనిషి, ఆ చార్ట్ రాసిచ్చిన మనిషి కూడా మీ తోడే కదా. ఆరు కథలు చెప్పే ఆరుగురు కన్నా సరైన మాట చెప్పే ఒక్కరు చాలు అన్న చోట మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

గ్రౌండ్_కోచ్:

టీమ్ వైపు నుంచి రాస్తాను. దెబ్బ తగిలిన ఆటగాడికి కోచ్ నుంచి వచ్చే మౌనం చాలా పెద్ద దెబ్బ. కోచ్ ఫోన్ చేయలేదంటే, నా చోటు వేరేవాళ్లకి ఇచ్చేశారు అనే పిల్లలు అనుకుంటారు. నేను చేసే మొదటి పని ఫోన్ చేసి, నీ పేరు జాబితాలో ఉంది, తేదీ మాత్రం రాయలేదు అని చెప్పడం.

రెండోది, ప్రాక్టీస్‌కి రమ్మంటాను, వస్తే ఊరికే కూర్చోబెట్టను. బ్యాగులు మోయించడం, నీళ్లు అందించమనడం అసలు చేయను, ఆటగాడికి అది అవమానంగా ఉంటుంది. వాలీ_బ్లాకర్, నువ్వు మా టీమ్‌లో ఉంటే నీకు ఇచ్చే పని ఇది. నెట్ పక్కన నిలబడి ఎదుటి సెట్టర్‌ని, అంటే స్మాష్‌కి బంతి లేపి ఇచ్చేవాణ్ని చూడు. బంతి చేతికి వచ్చే ముందు అతని భుజం ఎటు తిరుగుతోంది, నడుము వెనక్కి వంగుతోందా, పాస్ సరిగ్గా రానప్పుడు ఎటు ఎక్కువ వేస్తున్నాడు, రాసుకో. టైమ్ అవుట్‌లో మన బ్లాకర్లకి చెప్పు. దీనివల్ల టీమ్‌కి పాయింట్లు వస్తాయి, నీ బుర్ర ఆటలోనే ఉంటుంది.

ఇంకోటి, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి పడటం ఎలా ఉంటుందో దెబ్బ తిన్నవాడికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. మా దగ్గర వార్మప్‌లో దిగడం నేర్పేటప్పుడు మిగతావాళ్ల మోకాళ్లు చూసే పని అలాంటివాళ్లకే అప్పగిస్తాను. ఫుట్‌బాల్‌లో ఫిఫా 11+ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, గాయాలు తగ్గిస్తుందని బాగా నిరూపణ అయింది. ఫుట్‌బాల్_అమ్మ గారూ, మీ అమ్మాయి కోచ్‌ని టీమ్ మొత్తంతో అది చేయించమని అడగండి. మీ అమ్మాయి గ్రౌండ్ పక్కన నిలబడగలిగిన రోజు నుంచి దాన్ని నడిపించే బాధ్యత తనకే ఇవ్వమనండి.

తొందరపెట్టడం గురించి ఒక ఉదాహరణ. బాస్కెట్‌బాల్‌లో డెరిక్ రోజ్. 2011లో అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు), ఆ అవార్డు అందుకున్నవాళ్లలో అందరికన్నా చిన్నవాడు. 2012 ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. 2013 మార్చి నాటికి డాక్టర్లు ఆడొచ్చు అన్నారని వార్తలొచ్చాయి, అతను మాత్రం తన మనసు, శరీరం సిద్ధంగా లేవని ఆ సీజన్ మొత్తం దిగలేదు. అభిమానులు, టీవీల్లో మాట్లాడేవాళ్లు ఎంత మాటలన్నారో! భయపడుతున్నాడన్నారు, టీమ్‌ని వదిలేశాడన్నారు. ఆ తర్వాత సీజన్ మొదలైన కొత్తలోనే రెండో మోకాలి మెనిస్కస్ చిరిగింది. డాక్టర్ సరే అన్న రోజు, ఆటగాడు సిద్ధమైన రోజు ఒకటే కావాలని లేదు. ఆ రెండిటి మధ్య కాలంలో చుట్టూ ఉన్నవాళ్లు ఎలా ఉన్నారన్నది మనిషికి జీవితాంతం గుర్తుంటుంది.

కొత్త_చేరిక:

అందరి అనుభవాలు చదువుతున్నాను. నాకు గత వారమే ఏసీఎల్ తెగిందని చెప్పారు. అసలు ఆపరేషన్ తప్పనిసరా?

మోకాలి_ఫిజియో:

అందరికీ తప్పనిసరి కాదు. 2010లో వచ్చిన కానన్ అనే పరీక్షలో 121 మంది చురుకైన యువతని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్, రెండో గుంపుకి ముందు రిహాబ్ (ఎక్సర్‌సైజులతో కోలుకునే చికిత్స), అవసరమైతే తర్వాత ఆపరేషన్. రెండేళ్ల తర్వాత రెండు గుంపుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండో గుంపులో 61 శాతం మంది అప్పటికి ఆపరేషన్ లేకుండానే ఉన్నారు. మోకాలు జారుతున్నట్టు అనిపిస్తోందా, మెనిస్కస్ పరిస్థితి ఏంటి, ఏ ఆటకి తిరిగి వెళ్లాలి, వీటిని బట్టి మీ సర్జన్‌తో మాట్లాడి తేల్చుకోండి. ఏది ఎంచుకున్నా రిహాబ్ మాత్రం తప్పదు. దీని గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

జంట_అడుగులు:

సాయం చేసేవాళ్ల వైపు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా ఆయనకి ఆటలో మోకాలు దెబ్బతిని ఆపరేషన్ అయింది. మొదటి వారాలు ఎలా ఉంటాయో ముందే తెలిస్తే బాగుంటుంది. స్నానానికి బాత్రూంలో కదలని స్టూలు వేయాలి, కట్టు తడవకుండా కవర్ చుట్టాలి, లేచేటప్పుడు భుజం ఇవ్వాలి. మెట్ల మీద ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. మనం దిగేటప్పుడు ఒక మెట్టు కింద నిలబడాలి. పిక్క బిగుసుకుని వాచి నొప్పి పెడుతున్నా, జ్వరం వచ్చినా, గాయం దగ్గర చీములా కనిపించినా రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. నాకు కష్టమైంది ఆయన కోపం. తన పని తాను చేసుకోలేకపోతున్నానన్న బాధంతా నా మీద విసుగుగా వచ్చేది. ఒక రోజు కూర్చోబెట్టి చెప్పాను. నీకు సాయం కావాలో వద్దో నువ్వే నోరు తెరిచి చెప్పు, నేను ఊహించి చేస్తే నీకు చిన్నతనంగా ఉంటోంది, చేయకపోతే పట్టించుకోలేదని ఉంటోంది అన్నాను. అప్పటి నుంచి "ఇది నేను చేసుకుంటా, అది నువ్వు చెయ్" అని చెప్పడం మొదలుపెట్టారు. వారంలో ఒక సాయంత్రం ఆయన తమ్ముడు వచ్చి ఉండేవాడు, నేను బయటికి వెళ్లేదాన్ని. ఆ ఒక్క సాయంత్రం లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. దెబ్బ తగిలినవాళ్లందరికీ చెప్తున్నాను, మీకు సేవ చేసేవాళ్లు అలసిపోతారు. వాళ్లకి కూడా ఎవరో ఒకరు ఉన్నారా అని ఒకసారి చూడండి.

నైంటీ_మినిట్స్:

చెల్లెమ్మా, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఫిజియో గారు చెప్పిందీ ఒప్పుకుంటాను, నాకు చార్ట్ రాసిచ్చిన ఫిజియోని నేను తోడు లెక్కలో వేయలేదు, వేయాలి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట అదే. వాలీ_బ్లాకర్, ఎవరైనా వస్తే మంచిదే, రాకపోతే ఆ రోజు ఎక్సర్‌సైజ్ ఆగకూడదు. ఎవరూ అడగని రోజున చేసిందే ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

షటిల్_అక్క:

బ్యాడ్మింటన్ చూసేవాళ్లకి కరోలినా మారిన్ సంగతి తెలుసు. 2019 జనవరిలో ఇండోనేషియా ఫైనల్‌లో సైనాతో ఆడుతూ 10–4తో ముందున్నప్పుడు కుడి మోకాలు పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌కి తిరిగొచ్చి చైనా ఓపెన్ గెలిచింది. 2021లో ఎడమ మోకాలి ఏసీఎల్, మెనిస్కస్‌లు పోయి టోక్యో ఒలింపిక్స్‌కి దూరమైంది. మళ్లీ కోలుకుని 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వచ్చి, గెలిచేలా ఉన్న మ్యాచ్‌లో మళ్లీ కుడి మోకాలు. కోర్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ రోజు ఎదురుగా ఆడిన చైనా క్రీడాకారిణి హె బింగ్‌జియావో తర్వాత రజతం అందుకోవడానికి పోడియం ఎక్కినప్పుడు చేతిలో స్పెయిన్ ఒలింపిక్ జట్టు పిన్ పట్టుకుని నిలబడింది. ప్రత్యర్థి కూడా నీ ఆటని మర్చిపోలేదు అని చెప్పడం అది. మారిన్ మోకాలికి దానివల్ల ఏమీ నయం కాదు, నాకు తెలుసు. కానీ నాకు ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. మన టీమ్‌మేట్స్ నుంచి మనం కోరుకునేది కూడా దాదాపు అదే కదా.

వాలీ_బ్లాకర్:

అందరి పోస్టులూ చదివాను. గ్రౌండ్_కోచ్ గారు చెప్పిన సెట్టర్ పని మా కెప్టెన్‌కి చెప్తే వెంటనే ఒప్పుకున్నాడు. ప్రాక్టీస్‌కి వెళ్తున్నాను, నోట్‌బుక్ పట్టుకుని నెట్ పక్కన నిలబడుతున్నాను. గ్రూప్ మ్యూట్ తీసేశాను. ఫిజియో గారు గ్రాఫ్ట్ గురించి రాసిన పేరా అందులోనే పెట్టాను. "ఇంకా ఇంత ఉందా, మాకు తెలియదురా" అన్నారు. మా లిబెరో (వెనక వరుసలో బంతి కాచే ఆటగాడు) వారానికి రెండుసార్లు వచ్చి నాతోపాటు ఒంటికాలి ఎక్సర్‌సైజులు చేస్తానన్నాడు.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఎగరడం. ఇంకా మొదలుపెట్టలేదు, కానీ ఆలోచన వస్తేనే చేతులు చెమటలు పడుతున్నాయి. ఎవరైనా బ్లాక్ చేసి దిగుతుంటే నా మోకాలు దానంతటదే బిగుసుకుంటోంది. ఇది పోతుందా?

మోకాలి_ఫిజియో:

ఈ భయం చాలా మామూలు, దాచుకోవాల్సిన పనిలేదు. క్లేర్ ఆర్డర్న్ అనే పరిశోధకురాలి బృందం 2014లో చేసిన సమీక్షలో, ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లలో 81 శాతం మంది ఏదో ఒక ఆటకి తిరిగొచ్చారు, గాయానికి ముందున్న స్థాయికి వచ్చింది 65 శాతం, పోటీ స్థాయికి వచ్చింది 55 శాతం. మోకాలు బాగుపడినా వెనక ఆగిపోయినవాళ్లలో మళ్లీ దెబ్బ తగులుతుందన్న భయం ఒక ముఖ్య కారణం. దాన్ని కొలవడానికే ఏసీఎల్–ఆర్‌ఎస్‌ఐ అని పన్నెండు ప్రశ్నల పత్రం ఉంది, 2008లో వచ్చింది. మోకాలి మీద నమ్మకం, ఆట గురించి ఆందోళన, మళ్లీ దెబ్బ తగిలే అవకాశం ఎంతనుకుంటున్నారు, ఇలాంటివి అడుగుతుంది. వందకి స్కోరు వస్తుంది. మీ ఫిజియోని అడిగి ఇప్పుడొకసారి, ఆరో నెలలో ఒకసారి, ఆటకి దిగేముందు ఒకసారి నింపండి. స్కోరు కింద ఉంటే అది కూడా కండరం బలహీనంగా ఉన్నట్టే, దానికి పని పెట్టుకోవాలి.

మీ ఫిజియో ఎగరడానికి అనుమతి ఇచ్చాక మెట్టు మెట్టుగా వెళ్తారు. ముందు చిన్న పెట్టె మీదికి రెండు కాళ్లతో ఎక్కే గెంతు, ఎందుకంటే అందులో దిగే బరువు తక్కువ. తర్వాత పెట్టె మీది నుంచి కిందికి. తర్వాత ఒంటికాలు. తర్వాత నెట్ దగ్గర, బంతి లేకుండా. తర్వాత బంతితో. చివరగా పక్కన ఇంకో బ్లాకర్ భుజం తగులుతుండగా. మీ లిబెరోని పక్కన నిలబెట్టుకోండి, "బాగుంది" అనడం కన్నా "మోకాలు పాదం మీదుగానే ఉంది" అని చూసింది చూసినట్టు చెప్పమనండి. ఫోన్‌లో ఎదురుగా నుంచి వీడియో తీయమనండి. దిగేటప్పుడు మోకాలు లోపలికి పడకుండా వరుసగా కనిపిస్తే భయం దానికదే తగ్గుతూ వస్తుంది.

ఆటకి దిగే ముందు తొడ బలం, ఒంటికాలి గెంతుల పరీక్షల్లో రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి. ఒక జాగ్రత్త, నెలల తరబడి ఆట లేక ఆ బాగున్న కాలు కూడా బలం తగ్గి ఉంటుంది, దానితో పోల్చి 90 వచ్చిందని సంబరపడితే మోసపోవచ్చు. అందుకే రెండు కాళ్ల బలం ఇప్పుడే కొలిపించి రాసి పెట్టుకోండి. వచ్చేసారి సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు కెప్టెన్‌ని కూడా తీసుకెళ్లండి. అనుమతి దేనికి ఇచ్చారు, గెంతులకా, ప్రాక్టీస్‌కా, మ్యాచ్‌కా అన్నది అతని ముందే అడిగి, అతనితోనే రాయించండి.

వాలీ_బ్లాకర్:

అడిగాను, వస్తానన్నాడు. తొడ బలం కొలిచే మెషీన్ ఎక్కడుందో మా ఫిజియో కనుక్కుంటానన్నారు. రిపోర్ట్ వచ్చాక అంకెలు ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.